పాత అని రాయని పేరు

ఆ ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళు మొదటి రోజు బిత్తరపోయేవారు. మందుల కౌంటర్లో కూర్చునే ఆమె ఫోన్ తీసి, కొంగ లేవడం లేదు, వచ్చి చూడమనేది. ఎక్స్‌రే గదిలోంచి ఇంకొకాయన, చిలుక పొద్దున్నుంచి పలకడం లేదని ఫిర్యాదు చేసేవాడు. ఒకసారి ఎవరో "కాకి చచ్చిపోయింది, ఇంకోటి పంపండి" అంటే విని, చూపించుకోవడానికొచ్చిన పెద్దాయన చీటీ అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడట. అవన్నీ కంప్యూటర్ల పేర్లు. వాటికి పేర్లు పెట్టిన మనిషిని అందరూ పిట్టలాయన అనేవారు.

పిట్టలాయన ఉండేది అన్నిటికన్నా కింది అంతస్తులో, బట్టలుతికే గది పక్కన. గోడ వెంబడి వేడినీళ్ళ గొట్టాలు పోతుండడంతో చలికాలంలో అది స్వర్గం, మిగతా కాలమంతా పొయ్యి. బల్ల నిండా వైర్లు, చొక్కా జేబులో రెండు స్క్రూడ్రైవర్లు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. పదిహేడేళ్ళుగా ఇదే వేషం. ఆసుపత్రిలో ఉన్న అరవై ఒక్క కంప్యూటర్లకూ లినక్స్ అనే ప్రోగ్రాము ఎక్కించిందీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపిందీ ఆయనే. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఒక్కోదానికి బారెడు నంబరు పేరుగా ఉండేది. అది చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. ఖైదీలకు తగిలించినట్టు ఆ నంబర్లేమిటని విసుక్కుంటూ, పెట్టె విప్పగానే చేసే మొదటి పని పేరు మార్చడం. పిట్ట పేరొకటి టైపు చేసి, లోపల పేర్ల జాబితా ఉండే హోస్ట్స్ ఫైల్లోనూ అదే రాసి, తరువాత చిన్న కాయితం ముక్క మీద తన చేత్తో గుండ్రంగా రాసి పెట్టె నుదుట అంటించేవాడు. పేరంటే పిలిస్తే పలికేదిగా ఉండాలి అనేవాడు.

ఏడాదికోసారి కొత్త నర్సులకు అరగంట పాఠం చెప్పడం కూడా ఆయన పనే. వాళ్ళు కునుకు తీయకుండా ఉండడానికి తంటాలు పడుతుంటే ఈయన మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోయేవాడు. కంప్యూటర్ లేవగానే ఇరుగుపొరుగు కంప్యూటర్లన్నిటికీ వినబడేలా ఒక ప్రశ్న వేస్తుందట: ఈ పేరు మీలో ఎవరికైనా ఉందా? ఒకసారి కాదు, మూడుసార్లు అడుగుతుందట. ఎవరూ పలక్కపోతే ఆ పేరు దానిదే. ఎవరైనా ఉంది, నాదే అన్నారా, ఇక పేచీ పెట్టదు. తన పేరు చివర రెండు అని అంకె తగిలించుకుని పక్కకు తప్పుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. "మనుషుల్లో అంత మర్యాద ఎక్కడుంది చెప్పండి" అని పాఠం ముగించేవాడు. నర్సులు నవ్వేవారు, పాఠం అయిపోయినందుకు.

ఆయన పెట్టిన పేర్లలో అన్నిటికన్నా మొదటిది గువ్వ. నాలుగో అంతస్తు వార్డులో నర్సుల బల్ల మీద ఉండే కంప్యూటర్ అది. ల్యాబులో రక్తం పరీక్షలు కాగానే ఆ వార్డు రిపోర్టులన్నీ గువ్వ అనే పేరుకే వచ్చిపడేవి. మిగతా పిట్టల పేర్లు తోచినట్టు పెట్టాడు గానీ, గువ్వకు మాత్రం ఒక కథ ఉంది. అది ఆయన పేరే. ఇంట్లో ఆయన్ని అందరూ కాదు, ఒక్కరే అలా పిలిచేవారు, అక్క.

తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళు, అక్కకు పద్దెనిమిది. తలకు నూనె రాయడం నుంచి బడికి వెళ్ళనని మొండికేస్తే చెవి మెలిపెట్టడం దాకా అన్నీ అక్కే. పొట్టిగా, మెడ లోపలికి ముడుచుకుని కూర్చునేవాడని గువ్వ అని పేరు పెట్టింది. పెళ్ళి చేసుకునేటప్పుడు బావతో ఒకే మాట చెప్పిందట, గువ్వ నాతోనే వస్తాడని. బస్సు డ్రైవరుగా పనిచేసే బావ, పిల్లాడే కదా, రెండో సీటు ఖాళీగానే ఉంది అన్నాడట. ఆ పిల్లాడు పెళ్ళీ పెటాకులూ లేకుండా యాభై దాటినా వాళ్ళింటి మేడ మీది గదిలోనే ఉన్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మేడ మెట్ల కింద నిలబడి అక్క రోజూ పొద్దున "గువ్వా, ఉన్నావా" అని కేకేసేది. ఉండక ఎక్కడికి పోతానని ఈయన పైనుంచి గొణిగేవాడు. నలభై ఏళ్ళ పాటు ఆ ఇంట్లో తెల్లవారడమంటే అదే.

నాలుగేళ్ళుగా అక్కకు మూత్రపిండాలు సరిగ్గా పనిచేయడం లేదు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికొచ్చి రక్తం శుద్ధి చేయించుకోవాలి. మంచానికి కట్టేసినట్టు నాలుగు గంటలు పడుకోవడం ఎవరికైనా నరకమే గానీ, అక్క మాత్రం ఆ నాలుగో అంతస్తును తమ్ముడి సామ్రాజ్యంగా చూసుకునేది. బల్ల మీదున్న కంప్యూటర్ నుదుట గువ్వ అని కనబడితే నర్సులకు చూపించి, మావాడి పేరే దానికి పెట్టాడు చూడండి అని మురిసిపోయేది. ఆ ముచ్చట విని విని నర్సులకు కంఠతా వచ్చేసింది.

పిట్టలాయనకు ఇంకో పద్ధతి కూడా ఉండేది. పాతబడి మూలకు చేరిన కంప్యూటర్లను పారేయడానికి చేతులొచ్చేవి కావు. పనికొస్తాయేమోనని సామాన్ల గదిలో వరసగా పేర్చి, నెలకోసారి ఒక పూట కరెంటిచ్చి, గడియారం సర్దుకుంటుందని నెట్‌వర్కు వైరు కూడా తగిలించి, గంట తరువాత తీసేసేవాడు. కాస్త గాలి పీల్చుకోనివ్వండి పాపం అనేవాడు. అయితే అలా మూలకు చేర్చేముందు ప్రతిదాని పేరునూ తప్పకుండా మార్చేవాడు. కొంగ అయితే పాతకొంగ, కాకి అయితే పాతకాకి. కొత్తదాని పేరుతో తగువు రాకుండా ఇది చేయాల్సిందేనని, మరిచిపోతే కొంప మునుగుతుందని తన నోటుపుస్తకం మొదటి పేజీలో తనే రాసిపెట్టుకున్నాడు. ముప్పై నాలుగు కంప్యూటర్లకు అలాగే చేశాడు కూడా.

ఒక్కదానికి చేయలేదు. మూడు నెలల కింద గువ్వ పూర్తిగా ముసలిదైపోతే, దాని లోపల ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఒక కొత్త పెట్టెలోకి దించి, కొత్తదాన్ని నాలుగో అంతస్తులో పెట్టాడు. పాతదాన్ని సామాన్ల గదికి మోసుకొచ్చి, కీబోర్డు తగిలించి, పేరు మార్చడానికి కూర్చున్నాడు. పాత అని టైపు చేశాడు. చేసి చెరిపేశాడు. నా పేరు ముందు నా చేత్తోనే పాత అని రాసుకోవాలా అనిపించిందట. నవ్వుకుని, తరువాత చూద్దాంలే అని లేచాడు. ఇంత పెద్ద మనిషికి అంత చిన్న మురిపెం. అది తప్పంటే ఆ రోజు ఎవరూ ఒప్పుకుని ఉండేవారు కాదు.

పైగా మొదటి రెండు నెలలూ ఏ గొడవా రాలేదు. పాత గువ్వ లేచేది, పేరు అడిగేది, పైనున్న కొత్త గువ్వ నాదే అనేది, పాతది చివర రెండు తగిలించుకుని తప్పుకునేది. తెర మీద ఆ అంకె చూసి పిట్టలాయన, ముసలాడు మర్యాదస్తుడు అని మెచ్చుకున్నాడు. పేరు మార్చాల్సిన పనేముంది, అదే చూసుకుంటోందిగా అనుకున్నాడు.

మూడో నెల పాతవాటికి కరెంటిచ్చే రోజు అక్క నాలుగో అంతస్తులోనే ఉంది. రెండు రోజులుగా నీరసంగా ఉందంటే చేర్చుకున్నారు. పొద్దున ఎనిమిదిన్నరకు ఈయన పైకెళ్ళి పలకరించాడు. చేతులు తిమ్మిరిగా ఉన్నాయంది. తొమ్మిదికి రక్తం తీస్తారని, రిపోర్టును బట్టి డాక్టరు ఏం చేయాలో చెబుతాడని, రిపోర్టు పదిన్నరకల్లా వచ్చేస్తుందని చెప్పాడు. ఒకప్పుడు ల్యాబువాళ్ళు ప్రమాదం ఉన్న రిపోర్టయితే ఫోన్ చేసి చదివి వినిపించేవారు. రిపోర్టు అవతల అందగానే ఇవతల ఆకుపచ్చ గుర్తు పడేలా చేసి, ఇక ఫోన్లతో పనిలేదని వాళ్ళకు ఈయనే నచ్చజెప్పాడు. ఆ గుర్తు సంగతి అక్కకు కూడా గొప్పగా చెప్పాడు. నువ్వుండగా నాకేం భయం అంది అక్క.

కిందికొచ్చి సామాన్ల గదిలో పాత కంప్యూటర్లకు ఒక్కొక్కటిగా కరెంటిచ్చాడు. సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తులో నేల కడగడానికి వచ్చినవాళ్ళు నర్సుల బల్ల జరపాలని కొత్త గువ్వను పది నిమిషాలు ఆపించారు. పాత గువ్వ లేచి, ఈ పేరు ఎవరికైనా ఉందా అని అడిగింది. మూడుసార్లు అడిగినా ఎవరూ పలకలేదు. ఆ పేరు అది తీసుకుంది.

అలవాటు ప్రకారం గంట తరువాత వచ్చి అన్నీ తీసేయాలి. ఈలోగా ఎక్స్‌రే గది చిలుక ఎవరినీ గుర్తుపట్టడం లేదని పిలుపొచ్చింది. అక్కడికి పోయి బల్ల కిందికి దూరాడు. అక్కడ తెగిన వైరుతో తలప్రాణం తోకకొచ్చింది. పదిన్నర దాటాక నాలుగో అంతస్తు పెద్ద నర్సు ఫోన్ చేసింది. పొద్దున్నుంచి ఒక్క రిపోర్టూ రాలేదని, ల్యాబును అడిగితే పంపామంటున్నారని, గుర్తు కూడా పడిందంటున్నారని చెప్పింది. ఫోన్ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. ఆమె ఆపి పెట్టింది. లేచిన ప్రతిసారీ ఆ కొత్త గువ్వ పేరు అడిగే ఉంటుంది, కింది నుంచి జవాబూ వచ్చే ఉంటుంది. పదకొండున్నరకు మళ్ళీ ఫోన్. రెండుసార్లు ఆపి పెట్టినా రాలేదని, తెర మీద పేరు పక్కన రెండు అని ఏదో కనిపిస్తోందని చెప్పింది. ఆ మాట చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగలేదు. చేతిలో తెగిన వైరు కొసలున్నాయి. అదేం కాదులే అమ్మా, చిలుక పని అవగానే పైకొస్తా అన్నాడు.

పెద్ద నర్సు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ల్యాబుకు మనిషిని పంపింది. అక్కడ కిటికీ ముందు నలభై మంది ఉన్నారు. కిటికీ అవతలి అమ్మాయి తన తెర మీద ఆకుపచ్చ గుర్తు చూపించి, అందిన రిపోర్టు మళ్ళీ ఎందుకని కసురుకుంది.

పన్నెండు ముప్పావుకు పిట్టలాయనకు ఇంకో ఫోన్ వచ్చింది. ఈసారి బావ. వెంటనే రా అని పెట్టేశాడు. లిఫ్టు కోసం ఆగకుండా నాలుగు అంతస్తులూ మెట్లెక్కి వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. లోపల ఎవరో లెక్క పెడుతూ గుండె మీద అదుముతున్నారు. బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతిలో అక్క చెప్పులున్నాయి. డాక్టరు బయటికొచ్చి ల్యాబుకు తనే ఫోన్ చేసి, రిపోర్టు చదవమన్నాడు. అవతల చదివారు. డాక్టరు ఫోన్ మెల్లగా పెట్టేశాడు. ఒంట్లో పొటాషియం ఎప్పుడో హద్దు దాటింది. పదిన్నరకల్లా తెలిసుంటే రెండు సూదులతో దించి, వెంటనే శుద్ధికి పంపేవారు. అది ఆ వార్డులో వారానికొకసారి చేసే పనే. ఒంటిగంటకు ఐదు నిమిషాలుందనగా తెర తీశారు.

రెండు అని ఏదో కనిపిస్తోంది. పెద్ద నర్సు అన్న ఆ మాట అప్పుడు దిగింది, గంటన్నర ఆలస్యంగా. పిట్టలాయన అక్క ముఖం కూడా చూడకుండా కిందికి పరిగెత్తాడు. బావ దాన్ని దుఃఖం అనుకున్నాడు.

సామాన్ల గదిలో పాత గువ్వ తెర వెలుగుతూనే ఉంది. దాని మీద పద్నాలుగు రిపోర్టులు వరసగా కూర్చుని ఉన్నాయి. మూడోది అక్కది. పది గంటల పది నిమిషాలకు వచ్చింది. అంకె ఎర్రగా ఉంది. దాని పక్కనే అందింది అని రాసి ఉంది. నిజమే, అందింది. ఆ పెట్టె చేయాల్సిందల్లా చేసింది. కొత్తదీ చేసింది, ల్యాబూ చేసింది. అడగాల్సినవాళ్ళు అడిగారు, పలకాల్సినవాళ్ళు పలికారు, తప్పుకోవాల్సింది తప్పుకుంది. ఇంతమందిలో చేయాల్సిన పని చేయనిది ఆయనొక్కడే. ఆయన ఆ నేల మీదే కూర్చుండిపోయాడు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని చాలాసేపు ఎదురుచూశాడు.

తరువాతి వారం ఆయన రెండు పెట్టెల చిట్టాల్లోంచి నాలుగు వరసలు ప్రింటు తీసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాడు. తొమ్మిది ఇరవై రెండుకు ఒకటి ఆ పేరు తీసుకుంది. తొమ్మిది ముప్పై ఒకటికి ఇంకోటి అదే పేరు అడిగింది. జవాబొచ్చింది. పేరు మార్చుకుంది. సూపరింటెండెంటు రెండుసార్లు చదివి, ఇందులో నాకొక్క ముక్క అర్థం కాలేదన్నాడు. అర్థమయ్యేలా చెబితే కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. మిగతా పదమూడు మందికీ ఏమీ కాలేదని, పోయినావిడ నీ సొంత మనిషేనని, దీన్ని పట్టుకుని ఎవరొస్తారని అన్నాడు. ఫైల్లో యాంత్రిక లోపం అని రాసి సంతకం పెట్టాడు. ఇక ముందు కంప్యూటర్లకు నంబర్లే పేర్లుగా ఉండాలని కింద ఇంకో వాక్యం కలిపాడు. ఆ కాయితం మళ్ళీ ఎవరికీ చూపించకు, నీకే మంచిది అని తిరిగి ఇచ్చేశాడు.

యాంత్రిక లోపం. పదిహేడేళ్ళలో ఆయన మీద ఎవరూ వేయని నింద అది, అదీ ఆయన్ని కాపాడడానికి వేశారు.

ఇంట్లో బావకు ఇవేమీ తెలియవు. పొద్దున లేవగానే మెట్ల దాకా వచ్చి, పిలవడం చేతకాక నిలబడి, వెనక్కి పోయేవాడు. సాయంత్రం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకరోజు బావ, ఆ రిపోర్టు ఎక్కడ ఆగిపోయిందో కనుక్కో, ఆ ఆసుపత్రిలో నీకు తెలియనిది ఏముంది అన్నాడు. అన్నాక కన్నీళ్ళు తుడుచుకుని, ఈయన భుజం పట్టుకుని, నీ చేతుల మీద పెరిగిన సంస్థలో నీకే ఇలా అయిందేమిట్రా అని ఈయన కోసం కూడా ఏడ్చాడు. అది భరించడం ఆయన వల్ల కాలేదు. ఉరిశిక్షైనా దానికన్నా నయమనిపించింది. జేబులోంచి ఆ కాయితం తీశాడు.

మొత్తం చెప్పాడు. పాత అని టైపు చేసి చెరిపేయడం దగ్గర నుంచి, అదేం కాదులే అమ్మా అన్న మాట దాకా ఏదీ దాచలేదు. బావ జీవితమంతా బస్సు నడిపిన మనిషి, ఎవరైనా బ్రేకు వేయడం మరిచిపోతే ఏమవుతుందో ఆయనకు వేరే చెప్పాల్సిన పనిలేదు. చివరికి కాయితాన్ని తిరగేసి, వెనకవైపు ఖాళీగా ఉందని చూసి, మడతపెట్టి చేతికిచ్చాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా" అన్నాడు.

తెలిసేది కాదని ఈయన ఒప్పుకున్నాడు.

"మరెందుకు చెప్పావు? నిన్నటిదాకా కలిసి ఏడవడానికి నువ్వన్నా ఉన్నావు. ఇప్పుడు నువ్వూ లేకుండా చేశావు."

అరవలేదు. బయటికి పొమ్మనలేదు. పొమ్మని ఉంటే వెళ్ళి ఎక్కడో ఒక గదిలో పడి ఉండేవాడు. మేడ మీది గది అలాగే ఉంది, ఈయన అందులో ఉంటూనే ఉన్నాడు. భోజనం వేళకు బావ గోడతో చెప్పినట్టు, భోజనం ఉంది అంటాడు. ఆ రోజు తరువాత ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.

ఆసుపత్రిలో పిట్టలన్నీ పోయాయి. పై నుంచి వచ్చిన పట్టిక చూసి అరవై ఒక్కదానికీ నంబర్లు టైపు చేసింది పిట్టలాయనే. నుదుట అంటించిన కాయితాలు గోటితో గీకి తీసిందీ ఆయనే. నర్సులు ఇప్పుడు ఫోన్ చేస్తే నలభై ఏడు పలకడం లేదంటారు. కొన్నాళ్ళకు పిట్టలాయన అన్న పేరు కూడా దానంతటదే రాలిపోయింది, వైర్లాయన అంటున్నారు. చిట్టచివర సామాన్ల గదికి వెళ్ళి పాత గువ్వ ముందు కూర్చున్నాడు. ఎప్పుడో చేయాల్సిన పని. పేరు ముందు పాత అని చేర్చి మీట నొక్కాడు. క్షణం కూడా పట్టలేదు. తరువాత దాన్ని ఆపేసి, వైర్లన్నీ పీకి, చుట్ట చుట్టి పక్కన పెట్టాడు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలో ఏదైనా కంప్యూటర్ లేచి, గువ్వ అనే పేరు మీలో ఎవరికైనా ఉందా అని అడిగితే, అరవై ఒక్కదాంట్లో ఏదీ పలకదు. ఇంట్లో పొద్దున మెలకువ వచ్చాక ఆయన కాసేపు మంచం మీదే కదలకుండా పడుకుంటాడు. మెట్ల కింద నుంచి కేక వినబడే వేళ అది. ఆ వేళ దాటిపోయిందని నమ్మకం కుదిరాక లేచి చొక్కా వేసుకుని, జేబులో రెండు స్క్రూడ్రైవర్లూ పెట్టుకుని, పనికి వెళ్తాడు.